గరాటు, ఒత్తులు, వాసెన గుడ్డ: మా నూనె కొట్టు ప్రచారం డైరీ

2025 జూలై 6, తొలి ఏకాదశి

అటక మీద సామాను దింపుతుంటే రెండు అట్టపెట్టెల నిండా కీచైన్లు బయటపడ్డాయి. మూడేళ్ల క్రితం జనవరి ఒకటికి పంచుదామని నాన్న చేయించినవి. వెయ్యి చేయిస్తే ఆరు వందలకు పైగా అలాగే ఉన్నాయి. వాటి మీద ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు మాది కాదు. పెట్టెలు ముందు పెట్టుకుని నేను, తమ్ముడు చాలాసేపు కూర్చున్నాం.

మాది కోనసీమలో, అంబాజీపేటలో గానుగ నూనె కొట్టు. కొబ్బరి నూనె, పప్పునూనె (నువ్వుల నూనె), వేరుశనగ నూనె ఆడిస్తాం. ప్రచారానికి ఖర్చు పెట్టడం ఏ ఏడూ మానలేదు. సంక్రాంతికి ఫ్లెక్సీ, కొత్త సంవత్సరానికి ఏదో ఒక వస్తువు. అది ఎవరింటికి వెళ్లిందో, ఎవరు వాడారో మాత్రం ఎవరం చూడలేదు. ఈ ఏడాది కొబ్బరి ధర ఎప్పుడూ లేనంత పెరిగింది. లీటరు మీద మిగిలేది తగ్గింది. పారేసే వస్తువు మీద ఒక్క రూపాయి కూడా పెట్టే స్థితిలో లేము. అందుకని ఈసారి ఏడాది మొత్తానికి ఒక లెక్క వేసుకున్నాం: 2,80,000 రూపాయలు, ఇవాళ్టి నుంచి వచ్చే ఆవకాయ సీజను చివరిదాకా. ఏం చేశామో, ఏం దెబ్బతిందో ఈ డైరీలో రాస్తాను. మాలాంటి చిన్న కొట్టు నడిపేవాళ్లకి ఉపయోగపడితే చాలు.

జూలై 13

ఇంగ్లీషు కేలెండరు పక్కన పెట్టి పంచాంగం తెరిచాం. మా గిరాకీ తిథుల్ని బట్టి నడుస్తుంది. వినాయక చవితి ఆగస్టు 27, దసరా అక్టోబరు 2, దీపావళి అక్టోబరు 20, ఆ తర్వాత నవంబరు 20 దాకా కార్తీకం. సంక్రాంతి ఒక్కటే సూర్యుడి లెక్క కాబట్టి జనవరి మధ్యలోంచి కదలదు. ఉగాది మార్చి 19.

పెళ్లిళ్ల సీజను దగ్గర ఆగిపోయాం. నవంబరు 26 నుంచి ఫిబ్రవరి 17 వరకు శుక్ర మౌఢ్యమి. అంటే ముహూర్తాలు లేవు. తాంబూలం సంచుల్లో పెట్టి ఇచ్చే చిన్న నూనె సీసాల ఆర్డర్లు మాకు డిసెంబరులో కొన్ని వస్తుంటాయి. ఈసారి రావు. గుడ్డిగా పోయినేడులాగే నవంబరులో సీసాలు, అట్టపెట్టెలు తెప్పించి ఉంటే మూడు నెలలు డబ్బు ఇరుక్కుపోయేది. ఆ ఆర్డరు ఫిబ్రవరి మొదటికి జరిపాం.

ఇంకొకటి గోడ మీద రాసి పెట్టాను. పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పంచడానికి పది రోజులు, లారీ పార్సిలుకి అయిదు, ప్రింటుకి పదిహేను, ప్రూఫు చూసి దిద్దడానికి వారం, శాంపిల్ తెప్పించుకుని వాడి చూడడానికి పది. మొత్తం నలభై ఏడు రోజులు. దసరాకి వస్తువు కావాలంటే ఆగస్టు మూడో వారానికల్లా ఏం చేయిస్తున్నామో తేలిపోవాలి. ఇన్నాళ్లూ మేము పండగకి పది రోజుల ముందు ప్రెస్సుకి పరిగెత్తేవాళ్లం.

జూలై 20

రాత్రి అన్నాల దగ్గర వస్తువుల గురించి మాట. తమ్ముడు ఫోన్‌లో మగ్గులు, టోపీలు, పవర్ బ్యాంకులు చూపిస్తున్నాడు. అమ్మ అన్నీ విని ఒక్క ప్రశ్న అడిగింది: "పండగ పూట ఆ ఇంట్లో ఆడవాళ్లు ఏం దొరక్క వెతుక్కుంటారో చూశారా?"

నిజంగా కూర్చుని రాశాం. సంక్రాంతికి పిండివంటలు మొదలుపెట్టినప్పుడు డబ్బాలోంచి నూనె వంచడానికి గరాటు కనపడదు. కార్తీక పౌర్ణమి సాయంత్రం 365 ఒత్తుల కట్ట కోసం బజారుకి పిల్లల్ని పరిగెత్తిస్తారు. తీర్థానికి, అంటే జాతరకి వెళ్తే జీళ్లు, ఖర్జూరాలు మోయడానికి సంచి ఉండదు. శ్రీరామనవమి పందిట్లో విసనకర్ర. ఆవకాయ కలిపాక జాడీ మూతికి వాసెన కట్టడానికి శుభ్రమైన గుడ్డ. ఇవేవీ ఖరీదైనవి కావు. కానీ ఆ గంటలో ఇంట్లో అది లేకపోతే పని ఆగిపోతుంది. మా పేరు వేయడానికి తగిన చోటు అదే అనిపించింది. మగ్గులు, టోపీల పేజీ తమ్ముడే మూసేశాడు.

ఆగస్టు 3

ఈ రోజు తమిళుల ఆడి పద్దెనిమిది, అంటే వాళ్ల ఆడి నెలలో పద్దెనిమిదో రోజు. శివకాశిలో కేలెండర్లు వేసేవాళ్లు ఆడి పద్దెనిమిదికి పూజ చేసి కొత్త ఏడాది నమూనాల ఆల్బమ్ విడుదల చేస్తారు. మన ఊళ్లో డిసెంబరులో కనపడే కేలెండరు పని అక్కడ ఆగస్టులోనే మొదలవుతుంది. మొదట్లో ఆర్డరిస్తే మనం కోరిన కాగితం, కోరిన బొమ్మ దొరుకుతాయి. నవంబరులో వెళ్తే మిగిలినవి తీసుకోవాలి.

పన్నెండు పేజీల తెలుగు కేలెండరు 1,500 ఖాయం చేశాం. నాన్న రెండు షరతులు పెట్టారు. అంకెలు పెద్దవిగా ఉండాలి, అద్దాలు లేకుండా తాతయ్యకి కనపడాలి. తేదీ గడిలో పాల లెక్క రాసుకోవడానికి ఖాళీ ఉండాలి. దేవుడి బొమ్మ కేలెండరు మీద పెట్టుకుంటాం గానీ సంచుల మీద వేయకూడదని అందరం అనుకున్నాం. సంచి చేపల బజారుకీ వెళ్తుంది, చివరికి కాళ్లు తుడుచుకునే గుడ్డ కూడా అవుతుంది.

ఆగస్టు 19

సంచుల కోసం తిరుగుడు. "గుడ్డ సంచి" అని చవగ్గా చూపించేవాటిలో చాలా భాగం నాన్‌వోవెన్. చేతికి గుడ్డలా తగులుతుంది గానీ అది పాలీప్రొపిలీన్, ప్లాస్టిక్కే. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములు అనే లెక్క) కంటే పల్చగా ఉంటే నిషేధం కూడా. మామూలు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులైతే 2022 డిసెంబరు 31 నుంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. అదే ఏడాది జూలై 1 నుంచి 100 మైక్రాన్లలోపు ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు కూడా నిషేధించిన వస్తువుల పట్టికలో ఉన్నాయి. ఫ్లెక్సీలు మానేయడానికి మాకది మరో కారణమైంది.

చివరికి తెల్లగా చలువ చేయని కోరా నూలు గుడ్డ, 140 జీఎస్ఎం, చేతి కుట్టు దగ్గర అడ్డకుట్టు వేయించి, ఒక్కోటి ప్రింటుతో కలిపి 34 రూపాయలు. శాంపిల్ సంచిలో రెండు లీటర్ల సీసాలు నాలుగు పెట్టి కొట్టు చుట్టూ మోశాను. పిడి ఊడలేదు. వెయ్యి చెప్పాం.

సెప్టెంబరు 11

ఇవాళ చాలా బాధేసింది. సంచులు వచ్చాయి. మొదటి కట్ట విప్పగానే "స్వచ్ఛమైన" బదులు "స్వచ్చమైన" అని కనపడింది. ఛ వత్తు పోయి చ వత్తు వచ్చింది. మొత్తం వెయ్యీ అంతే.

ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి చూశాం. తమ్ముడు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపాడు. ప్రెస్సులో వాళ్లు యూనికోడ్ కాని పాత 'అను' తెలుగు ఫాంటులోకి మార్చుకున్నారు. ఆ మార్పిడిలో వత్తులు తారుమారవుతాయని డీటీపీ చేసేవాళ్లందరికీ తెలుసు. ప్రూఫు వాట్సాప్‌లో చిన్న బొమ్మగా వచ్చింది. రద్దీ వేళ నేను దాన్ని వేలితో పెద్దది చేసి చూడకుండా "ఓకే" పెట్టాను. తప్పు మా ఇద్దరిదీ. ప్రెస్సాయన మంచివాడు, "అక్షరం మీద చిన్న ప్యాచ్ వేసి మళ్లీ కొట్టిస్తానండీ, గుడ్డ ఖర్చు మీది, ఇంకు ఖర్చు నాది" అన్నాడు. ఆ పదం మొత్తాన్ని కప్పేలా ముదురు ఆకుపచ్చ పట్టీ వేసి, దాని మీద తెల్ల రంగుతో మళ్లీ రాయించాలని తేల్చాం. చూడ్డానికి ముందు దానికంటే బాగుంటుంది గానీ పదకొండు రోజులు పోతాయి.

ఇకనుంచి మూడు నియమాలు. తెలుగు అక్షరాలు ఫాంటుగా కాక కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చిన ఫైలే పంపాలి, అప్పుడు అవతలి కంప్యూటర్‌లో ఏ ఫాంటు ఉన్నా అక్షరం కదలదు. ప్రూఫు అసలు సైజులో కాగితం మీద చూడాలి. ఫోన్ నంబరుకి అక్కడే డయల్ చేసి చూడాలి.

క్యూఆర్ కోడ్ కూడా దెబ్బతింది. రెండున్నర సెంటీమీటర్ల కోడ్ వేయించాం. కోరా గుడ్డ నేత గరుకు కాబట్టి స్క్రీన్ ప్రింటు రంగు పక్కలకి పాకి చిన్న గడులు కలిసిపోయాయి. పది ఫోన్లతో చూస్తే మూడింటిలోనే తెరుచుకుంది. గుడ్డ మీద కనీసం అయిదు సెంటీమీటర్లు ఉంచాలని ప్రెస్సాయన చెప్పాడు. కాగితం మీదైతే ఈ గొడవ లేదు.

సెప్టెంబరు 30

సంచులు దసరాకి ముందే చేతికొచ్చాయి. నాలుగు వందల దాకా వెళ్లాయి. మిగతావి సంక్రాంతికి దాచాం. సంచి తిరిగి తెస్తే బిల్లులో అయిదు రూపాయలు తగ్గిస్తామని చెప్పాం. గల్లా పెట్టె దగ్గర పుస్తకంలో తమ్ముడు ప్రతి సంచికీ ఒక గీత గీస్తున్నాడు. ఈ గీతల కోసమే ఆ అయిదు రూపాయలు. ఇచ్చిన వస్తువు వాడుకలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు దొరకలేదు.

అక్టోబరు 12

ఒత్తులు. మా ఊళ్లో డ్వాక్రా గ్రూపు అక్కలు పత్తితో ఒత్తులు చేసి గుళ్ల దగ్గర అమ్ముతారు. వాళ్లనే అడిగాం. 365 ఒత్తుల కట్ట 14 రూపాయలు, 1,200 కట్టలు. ఆగస్టు ఆఖరులో అడ్వాన్సు ఇస్తే నెలన్నరలో పూర్తి చేశారు. యంత్రం మీద చేసినవి పది రూపాయలకే దొరుకుతాయి. కానీ కట్ట విప్పి నూనెలో ముంచి వెలిగించి చూశాం. చేత్తో చేసినవి నూనె బాగా పీల్చుకుని నిలకడగా వెలిగాయి. మనం అమ్మేది నూనె. ఒత్తి సరిగ్గా వెలగకపోతే జనం నూనెనే అనుమానిస్తారు.

లీటరు పప్పునూనె కొన్నవాళ్లకి కట్ట ఉచితం. కాగితం కవరు మీద కొట్టు పేరు, కింద ఒక వాక్యం: "ముందురోజు రాత్రే నూనెలో నానబెట్టండి."

నవంబరు 6

నిన్న కార్తీక పౌర్ణమి. ఒత్తులు సోమవారం సాయంత్రానికే అయిపోయాయి. చివరి రెండు రోజులు కట్ట కోసమే నూనె కొన్నవాళ్లు ఉన్నారు. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఇంతవరకూ చేసినవాటిలో ఇదే బాగా పనిచేసింది.

కానీ ఈ ఉదయం కాలువ రేవుకి వెళ్లినప్పుడు మెట్ల మీద, నీళ్ల అంచున మా కవర్లే కనపడ్డాయి. అరటి దొప్పల్లో దీపాలు వదిలి కవరు అక్కడే పడేశారు. కాగితమే, కరిగిపోతుంది. అయినా రేవు మెట్ల మీద మా పేరు అలా పడి ఉండడం నాకు నచ్చలేదు. ఇంటికి వెళ్లి తమ్ముణ్ణి తీసుకొచ్చి గోనెసంచిలో ఏరాం. రెండు రేవులూ శుభ్రం చేసేసరికి తొమ్మిదయింది. రేవులో ఎవరో తాతగారు "ఆయ్, పంచినోళ్లే ఏరుతున్నారే" అని తనూ వంగి నాలుగు ఏరారు. వచ్చే ఏడాది కవరు ఉండదు. కట్టకి నూలు దారం, దారానికి వేలెడు కాగితం ముక్క. అంతే.

డిసెంబరు 9

గరాటు పని పూర్తయింది. దీని మీద మేం పడ్డ శ్రమ రాయాలి, ఎందుకంటే శాంపిల్ వాడి చూడకుండా ఆర్డరివ్వడం ఎంత ప్రమాదమో దీంట్లోనే తెలిసింది.

విజయవాడ నుంచి స్టీలు గరాటు నాలుగు రకాలు తెప్పించాం. అన్నీ చూడ్డానికి బాగున్నాయి. మా లీటరు సీసాలో పెట్టి వంచితే రెండింటిలో నూనె గుటకలు వేస్తూ దిగింది, పైకి పొంగింది. గొట్టం సీసా మూతికి బిగుతుగా కూర్చుంటే లోపలి గాలి బయటికి రాదు. ఇంకోదాని గొట్టం మరీ సన్నం. వేరుశనగ నూనెకి ఫర్వాలేదు. కానీ సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మా వైపు చలి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి సగం పేరుకున్న నూనె పోస్తే సన్నగొట్టంలో అక్కడే నిలిచిపోయింది. చివరికి గొట్టం పదహారు మిల్లీమీటర్లు ఉన్నది ఎంచుకున్నాం. మూతిలో చుట్టూ కొంచెం సందు ఉంటుంది, గాలి వెళ్తుంది, పేరుకున్న నూనె కూడా జారుతుంది.

పేరు అంచు మీద లేజర్‌తో చెక్కించాం. రంగు వేస్తే నాలుగు సార్లు తోమాక పోతుంది, పైగా వంటింటి వస్తువు మీద రంగు ఊడడం మంచిది కాదు. చెక్కుడుతో కలిపి ఒక్కోటి 38 రూపాయలు, 1,500.

ఆడిటర్‌ గారిని ముందే అడగడం మంచిదయింది. ఉచితంగా, బహుమతిగా ఇచ్చేసే సరుకు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే దాన్ని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేం, చట్టంలో 17(5) సెక్షన్. కేలెండర్లు ఆ కిందికే వస్తాయి, అందుకే వాటి ఖర్చు పన్నుతో కలిపే లెక్క వేసుకోవాలి. అయితే "రెండు లీటర్లు కొంటే గరాటు" అని ఒకే ధరకి కలిపి అమ్మితే అది బహుమతి కాదు, కలిపి అమ్మిన సరుకు. 2019లో వచ్చిన సర్క్యులర్‌లో దీని వివరణ ఉందట. మేం ఆ పద్ధతే పెట్టుకున్నాం. ఎవరికి వాళ్లు తమ ఆడిటర్‌ని అడిగి చేయడమే మేలు.

డిసెంబరు 20

కేలెండర్లు ధనుర్మాసం మొదలైన రోజు నుంచి పంచుతున్నాం. 1,500లో వెయ్యి దాటాయి. దీని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వాట్సాప్ తెరుచుకుని "కేలెండరు చూసి" అనే మాట ముందే టైపై ఉంటుంది. సంచి మీది దానికి "సంచి చూసి". ఎవరు దేన్ని చూసి వచ్చారో అలా తెలుస్తుంది.

జనవరి 4

తీర్థం గురించి రాయాలి. కనుమ రోజు మా మండలంలోనే, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టి దేవుణ్ణి నిలిపిన ఎత్తయిన చట్రాలు, వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది నీళ్లలోంచి భుజాల మీద దాటి వస్తాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. వేలకి వేలమంది.

ఒకాయన వచ్చి ప్రభకి కట్టే గుడ్డల ఖర్చు భరిస్తే మా కొట్టు పేరు పెట్టిస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "స్వామి భుజాల మీద వస్తుంటే మధ్యలో మన బోర్డు ఎందుకు?" అన్నారు. కోడి పందేల బరి దగ్గర బ్యానరు కట్టమని ఇంకొకరు అడిగారు. అది చట్టవిరుద్ధమైన పని, దాని పక్కన మా పేరు ఉండదు.

మరి అక్కడ జనం దేనికోసం వెతుక్కుంటారు? అమ్మ వెంటనే అంది: "పిల్లల కోసం." ప్రతి ఏడూ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు వింటూనే ఉంటాం. అందుకని చేతికి చుట్టే పట్టీలు, చిరగని కాగితంతో చేసినవి, రెండు వేలు. పేరు, ఊరు, ఫోన్ రాయడానికి మూడు గీతలు. కొట్టు పేరు చివర్న చిన్నగా. ఫోన్ ఒక్కటే చాలనుకున్నాను నేను. తమ్ముడు ఊరు కూడా ఉండాలని పట్టుబట్టాడు.

బాల్ పెన్నుతో రాసి చేయి తడిపితే అరగంటలో చెదిరిపోయింది. పర్మనెంట్ మార్కర్లు నలభై కొన్నాం. ఊరి పెద్దలతో, బందోబస్తు చూసే పోలీసులతో మాట్లాడితే రెండు చోట్ల బల్ల వేసుకోవడానికి ఒప్పుకున్నారు.

జనవరి 16, కనుమ, రాత్రి

కాళ్లు లాగుతున్నాయి గానీ ఇవాళే రాయాలి.

పొద్దున పదింటి నుంచి ఎనిమిది మందిమి రెండు బల్లల దగ్గర. 1,300 పట్టీలకు పైగా కట్టాం. చాలామంది తల్లులు "ఎంతండీ?" అని అడిగి, ఉచితమంటే ఆగి మరీ కట్టించుకున్నారు. కొట్టు పేరు గురించి మేం ఒక్క మాట చెప్పలేదు. పట్టీ కడుతుండగా వాళ్లే చదివి "ఓ, అంబాజీపేటలో గానుగ కదా" అన్నారు.

నాలుగింటప్పుడు ఆరేళ్ల పాప ఏడుస్తూ దొరికింది. చేతికి మా పట్టీ. నంబరుకి చేస్తే కలవలేదు. జనం ఎక్కువై సిగ్నల్ లేదు. మూడు ఫోన్ల నుంచి ప్రయత్నించాం. అప్పుడు పట్టీ మీద ఊరు చూసి మైకులో ఊరి పేరు, పాప పేరు చెప్పించాం. పావుగంటకి ఆ ఊరివాళ్లే ఎవరో విని వాళ్ల నాన్నని తీసుకొచ్చారు. ఆయన పాపని ఎత్తుకుని మాట రాక అలా నిలబడిపోయాడు. తమ్ముడు ఊరి గీత కోసం పట్టుబట్టకపోతే ఏమయ్యేదో.

దీన్ని అమ్మకాల లెక్కలో ఎలా రాయాలో తమ్ముడు అడిగాడు. రాయొద్దన్నాను. ఖర్చు గడిలో పదకొండు వేలు రాసి, పక్క గడి ఖాళీగా వదిలేశాం.

ఫిబ్రవరి 8

ఇప్పటివరకు లెక్క. గరాట్లు 1,340 వెళ్లాయి. సంక్రాంతి నెలలో రెండు లీటర్లు కొన్నవాళ్ల సంఖ్య పోయినేడు కంటే బాగా పెరిగింది. లీటరుతో ఆగిపోయేవాళ్లలో చాలామంది గరాటు కోసమే రెండోది తీసుకున్నారు. సంచులకి గీతలు 310. కేలెండరు చూసి వచ్చిన వాట్సాప్ కబుర్లు 64, అందులో సగం ఊరు విడిచి హైదరాబాదులో ఉంటున్నవాళ్లవి, పండక్కి వచ్చి కేలెండరు పట్టుకెళ్లినవాళ్లు. పార్సిలు పంపమంటున్నారు. ఇది మేం ఊహించలేదు. వచ్చే కేలెండరు మీద "ఊరి నూనె మీ ఊరికి" అని పార్సిలు నంబరు విడిగా వేయించాలి.

అయినవిల్లి వినాయకుడి గుళ్లో పరీక్షల ముందు కలాలకి పూజ చేసి విద్యార్థులకి పంచుతారు. మన పేరుతో పెన్నులు ఇద్దామా అని మాట వచ్చింది. కలం ఆ పిల్లలకి ప్రసాదం. పేరు లేని పెన్నులే కొన్ని ఇచ్చి ఊరుకున్నాం.

మార్చి 29

ఉగాదికి ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. శ్రీరామనవమికి మూడు పందిళ్లలో తాటాకు విసనకర్రలు 400 పెట్టాం, అంచు గుడ్డ మీద పేరు కుట్టించి. కల్యాణం అయ్యాక ఒక్కటీ కింద మిగల్లేదు, అందరూ ఇళ్లకి పట్టుకెళ్లారు. కరెంటు పోయే రోజులు వస్తున్నాయి కదా.

ఏప్రిల్ 12

ఇక ఆవకాయ. మాకు పప్పునూనె ఎక్కువగా వెళ్లే నెల. వాసెన గుడ్డ అన్న ఆలోచన అమ్మది కాబట్టి పని కూడా అమ్మకే అప్పగించాం.

ముందు జాడీలు కొలిచింది. చుట్టుపక్కల పన్నెండిళ్లలో రెండు కిలోలవి, అయిదు కిలోలవి మూతులు కొలిచి, పద్నాలుగు అంగుళాల చదరం ఉంటే అన్నిటికీ సరిపోతుందని తేల్చింది. గుడ్డ బండారులంక చేనేతవాళ్ల దగ్గర తెల్ల నూలుది తీసుకున్నాం. మధ్యలో ఏమీ అచ్చు వేయకూడదని అమ్మ పట్టుదల. పచ్చడి ఆవిరి తగిలే చోట రంగు ఉండకూడదు. అందుకని కిందికి వేలాడే అంచుల మీదే ప్రింటు: ఒక అంచున కొట్టు పేరు, ఇంకో అంచున "కలిపిన తేదీ" అని ఖాళీ గీత, మూడో అంచున "మూడో రోజు తిరగ కలిపారా?" నాలుగో అంచు ఖాళీ. గుడ్డతో పాటు మూర పొడుగు నూలుతాడు.

శాంపిల్‌ని ఉప్పు, నూనె, కారం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, మళ్లీ నానబెట్టాం. మొదటి ప్రెస్సు రంగు కొంచెం దిగింది. వద్దన్నాం. రెండో చోట రంగు అద్దాక వేడి మీద బాగా ఆరబెట్టి స్థిరపరిచారు, అది నిలిచింది. ఒక్కోటి 22 రూపాయలు, 1,000.

మే 10

సీజను సగం దాటింది. 720 గుడ్డలు వెళ్లాయి. నిన్న మా పిన్ని వాళ్లింటికి వెళ్తే వరండాలో వరసగా నాలుగు జాడీలు, నాలుగింటికీ మా గుడ్డే. తేదీ గీత మీద పెన్సిలుతో పిన్ని రాత. ఒకదాని మీద "హైదరాబాదు పెద్దాడికి" అని కూడా రాసుకుంది. ఆ ఖాళీ వదిలిన నాలుగో అంచు మీద. జాడీ ఎవరిదో రాసుకోవడానికి అక్కడ ఒక గీత కావాలని మాకు తట్టలేదు, వచ్చే ఏడాది వేయిస్తాం.

ఉతకడం గురించి ఇద్దరు అడిగారు. మొదటిసారి వేడినీళ్లలో ఉడికించి, ఎండలో బాగా ఆరాకే కట్టమని చెబుతున్నాం. తడి ఉంటే బూజు పడుతుంది, అప్పుడు ఏడాది పచ్చడి పోతుంది.

మే 17

ఇవాళ్టి నుంచి అధిక జ్యేష్ఠం. ఈ అదనపు నెల వల్ల ఈ ఏడాది రెండో సగంలో పండగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. వినాయక చవితి సెప్టెంబరు 14, దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8, కార్తీక పౌర్ణమి నవంబరు 24. పోయినేడు తేదీలు పట్టుకుని ఆర్డర్లిస్తే సరుకు పద్దెనిమిది, పంతొమ్మిది రోజుల ముందే వచ్చి కొట్లో పడి ఉంటుంది. గోడ మీది లెక్క చెరిపి మళ్లీ రాశాం. 2027లో గోదావరి పుష్కరాలు. చేతి పట్టీలు ఆ రేవుల్లో ఇంకా ఎక్కువ అవసరం. దానికి అధికారుల అనుమతి ఎలా తీసుకోవాలో తమ్ముడు కనుక్కుంటున్నాడు.

సాయంత్రం ఒత్తులు చేసే అక్కకి ఫోన్ చేశాను. ఈసారి 2,000 కట్టలు, పత్తి చవగ్గా ఉన్నప్పుడే కొనుక్కోమని రేపు అడ్వాన్సు పంపుతానని చెప్పాను. ఆవిడ వెంటనే అడిగింది, "కట్టకి కవరా అమ్మా, దారమా?"

దారమే అన్నాను.